నాన్నది కాని చెయ్యి

నా చిన్నప్పుడు మా తాత ఒక సముద్రపు జంతువు చేతిని మూటగట్టి తెచ్చి, ఇది నా కొడుకు చెయ్యి అని కులం మొత్తానికి చెప్పి, మా పాలేటి వాగు ఒడ్డున దానికి నిప్పు పెట్టాడు. ఆ కొడుకు మా నాన్న. ఈ సంగతి చెబితే నవ్వినవాళ్లు ఉన్నారు, నమ్మనివాళ్లు ఉన్నారు. నమ్మించాలన్న తాపత్రయం నాకిప్పుడు లేదు. మిర్యాలగూడలో చాలా ఏళ్లు పిల్లలకు జీవశాస్త్రం పాఠాలు చెప్పి ఇంట్లో కూర్చున్నదాన్ని. ఎముకల గురించి నాకు బాగానే తెలుసు. మనుషుల గురించే ఆలస్యంగా తెలిసింది.

మాది సూర్యాపేటకూ కోదాడకూ మధ్య, బెజవాడ బాట నుంచి కొంచెం లోపలికి ఉన్న ఊరు. గొర్రెలు కాసుకునే ఇల్లు. ఇంట్లో మా తాత, నాన్న, అమ్మ, నేను. నాన్నమ్మ నేను పుట్టకముందే పోయింది. ఒక ముసురు రోజు మా నాన్న రెండు పొట్టేళ్లను తోలుకుని సూర్యాపేట అంగడికి పోయాడు. పోయినవాడు పోయినట్టే ఉండిపోయాడు. మా వైపు ఊళ్లు ఖాళీ అవుతున్న కాలం అది. తుపాకుల దండు ఒకటి వచ్చి కొట్టేది. అది పోయాక, అడవిలో ఉన్నవాళ్లకు అన్నం పెట్టింది మీరే గదా అంటూ ఇంకొకళ్లు వచ్చి కొట్టేవాళ్లు. మా నాన్నను చేతులు కట్టి లారీ ఎక్కించారని ఒకాయన చెప్పాడు. కాదు, తనే దళంలో కలిసిపోయాడని ఇంకొకాయన చెప్పాడు. పాలేటి ఇసుకలో గోతులు తవ్వి పూడ్చినవాళ్లలో ఉన్నాడేమోనని మూడో ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. అందరూ చెప్పినవాళ్లే, చూసినవాడు ఒక్కడూ లేడు.

చూసినవాడు లేకపోవడం మా అమ్మ పాలిట శాపమైంది. మా కులంలో మొగుడు చచ్చిపోయిన ఆడది మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు. మారుమనువు అంటారు. అందులో తప్పు లేదు, దాపరికం లేదు. కానీ మొగుడు చచ్చిపోయాడని తేలాలి. శవమన్నా కనబడాలి, చూసినవాడన్నా ఉండాలి, ఒక ఎముకన్నా దొరకాలి. అప్పుడే దినాలు చేస్తారు, పుస్తె తీస్తారు, ఆ తర్వాతే రెండో మనువు మాట ఎత్తుతారు. ఇవేవీ లేని ఆడది బతికున్నన్నాళ్లూ కనిపించని మొగుడి పెళ్లామే. మా అమ్మకు అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు.

ఇంతలో రాజ్యం మారిందన్నారు. మారిన రాజ్యంలో మాకు మొదట కనిపించిన మార్పేమిటంటే, భయపడి పారిపోయిన మా ఊరి దొర మళ్లీ గడిలోకి వచ్చి కూర్చున్నాడు. వచ్చిన కొద్ది రోజులకే గడి మనిషి ఒకడు మా వాకిట్లోకి వచ్చి, గోడకు చేరబడి, మా తాతతో నింపాదిగా మాట్లాడాడు.

"మొగోడు లేని ఇల్లాయె. నీ కోడలు ఊకనే ఇంట్ల గూసుండి ఏం జేస్తది? గడిల ఊడ్వనీకి పంపు."

గడిలో ఊడవడానికి పోయిన ఆడవాళ్లు ఎలా తిరిగి వస్తారో ఊళ్లో అందరికీ తెలుసు. ఒంట్లో బాగాలేదని చెప్పి మా తాత ఆ పూటకు తప్పించాడు. ఎన్ని పూటలు తప్పిస్తాడు? ఆయనకు నడుము వంగింది, కన్ను మందగించింది, చేతిలో ఉన్నది గొర్రెలను అదిలించే కర్ర. త్రిపురారంలో మాకు దూరపు చుట్టం ఒకాయన ఉన్నాడు. పెళ్లాం పోయింది, మంచి మంద ఉంది. మా అమ్మను చేసుకుంటానని కబురు పెట్టాడు. ఆ కబురు పట్టుకుని మా తాత కులపెద్ద దగ్గరికి పోతే ఆయన ఒప్పుకోలేదట. "నీ కొడుకు సచ్చిండని ఎవలు జెప్పిండ్రు? రేపు వాడొచ్చి ముంగట నిలబడితే మేం ఏం మొహం వెట్టుకోవాలె?" అన్నాడట. ఈ త్రిపురారం సంగతి ఏదీ అప్పట్లో నా చెవిన పడలేదు. పిల్లలకు చెప్పే మాటలు కావు కదా.

ఆ ఏడు కోతలయ్యాక మా తాత మందను కృష్ణా డెల్టాకు తోలుకుపోయాడు. ప్రతి ఏడూ పోయేదే. అక్కడి రైతులు కోసిన పొలాల్లో గొర్రెల మందను నిలపమంటారు. రాత్రంతా మంద పడుకున్న చోట ఎరువు పడుతుంది, అందుకు వడ్లు కొలిచిస్తారు. ఎప్పుడూ ఇంటిల్లిపాదీ పోయేవాళ్లం. ఈసారి అమ్మ రానంది. నాన్న తిరిగొస్తే తలుపు ఎవరు తీస్తారని అడిగింది. గడి వాళ్ల భయానికి మా తాత ఆమెను మా ఊరికి కొంత దూరంలో ఉన్న ఆమె మేనత్త ఇంట్లో ఉండమన్నాడు. అక్కడుంటూనే ఆమె రెండు రోజులకోసారి నడిచి వచ్చి మా వాకిలి ఊడ్చి పోయేదని తర్వాత తెలిసింది. నన్ను మాత్రం తాత వెంట తీసుకుపోయాడు.

కోదాడ దాటి, సరిహద్దు నాకా దాటి, బెజవాడ మీదుగా కాలవ గట్లెంట నడుచుకుంటూ పోయాం. ఈసారి మంద చాలా కిందికి, బందరు వైపు ఉప్పు నేలల దాకా పోయింది. ఒక పొద్దున గాలిలో ఏదో మోత వినిపిస్తుంటే అదేమిటని అడిగాను. మా తాత మందను తోటివాళ్లకు అప్పగించి, నన్ను ఇసుక దిబ్బల మీదుగా తీసుకుపోయి సముద్రం చూపించాడు. అంతకుముందు నేను చూసిన పెద్ద నీళ్లు బెజవాడ దగ్గరి కృష్ణ. సముద్రాన్ని చూసి సంతోషపడ్డానని చెప్పలేను. అవతలి ఒడ్డు లేకపోవడం నాకు నచ్చలేదు.

ఒడ్డునే, ఎండిన నాచులో, ఒక పెద్ద జంతువు ఎముకలు పడి ఉన్నాయి. కుక్కలూ కాకులూ తినగా మిగిలిన గూడు. మాకు చచ్చిన జీవం కొత్త కాదు. మందలో ఏ గొర్రె చచ్చినా ఎందుకు చచ్చిందో చూడాలని మా తాత దాన్ని కోసి చూసేవాడు. పక్కన నన్ను కూర్చోబెట్టుకుని ఇది గుండె, ఇది పిత్తు, ఇది జలగలు పట్టిన కార్జం అని చూపించేవాడు. అందుకే ఆ గూడు దగ్గర కూడా అలవాటుగా గొంతుక్కూర్చున్నాడు. కర్రతో ఒక్కొక్కటే కదిపి చూస్తూ, "సూడు బిడ్డా, గిది చేప గాదు. చేపకు గిసొంటి పక్కటెముకలుంటయా? గిది నీళ్లల్ల మేసే గొర్రె," అన్నాడు. నన్ను నవ్వించడానికి అన్నాడు. నాన్న పోయినప్పటి నుంచి నేను నవ్వడం తగ్గించానని ఆయన గమనించినట్టున్నాడు.

చేపలు ఎండబెట్టుకుంటున్న ఒక ముసలమ్మ మమ్మల్ని చూసి దగ్గరికొచ్చింది. ఆ జంతువు పేరేదో చెప్పింది గానీ నాకు గుర్తులేదు. ఇప్పుడు మనం డాల్ఫిన్ అంటాం. "అది చేప కాదయ్యా, గాలి పీల్చుకోటానికి పైకొత్తాది. పిల్లకి పాలిత్తాది. మేం దాన్ని కొయ్యం," అంది ఆ ముసలమ్మ. పాలిస్తుందన్న మాట వినగానే మా తాత మళ్లీ మొదటి నుంచి చూడడం మొదలుపెట్టాడు. ఈసారి నవ్వులాటకు కాదు.

ఆ పొద్దున ఆయన వేలు పెట్టి చూపించినవన్నీ తర్వాత నేను పుస్తకాల్లో చదువుకున్నాను. ముక్కు రంధ్రాలు మూతి చివర లేవు, పుర్రె నడినెత్తి మీద ఉన్నాయి. నీళ్లలోంచి తల మొత్తం ఎత్తకుండానే ఊపిరి తీసుకోవడానికి ఆ ఏర్పాటు. మెడ ఎముకలు గొర్రెకూ మనిషికీ ఉన్నట్టే ఏడు, కానీ బిళ్లల్లా పలచబడి, ముందరి రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ముసలితనంలో వాతం చేసి అలా అతుక్కుపోయాయని మా తాత తేల్చాడు. అది తప్పు. నీళ్లను చీల్చుకుంటూ పోయే జంతువుకు తల ఊగకూడదు, అందుకని మెడ అలా కుదించుకుపోయింది. తోక చివర విసనకర్రలాంటి రెక్క ఉంటుందని ముసలమ్మ చెప్పింది. మా తాత ఎంత వెతికినా దాని ఎముక దొరకలేదు. దొరకదు, ఆ రెక్కలో ఎముక ఉండదు. వెన్నెముక కూడా చేపకు వంగినట్టు పక్కలకు వంగేది కాదు, కిందికీ మీదికీ వంగుతుంది. దౌడు తీసే గొర్రె నడుము ఎలా లేచి పడుతుందో చెయ్యి ఆడించి చూపించి, ఇదీ అలాగే ఈదుతుందని ఆయన అన్నాడు. ఆ మాట మాత్రం ఒప్పు. ఆ జంతువుల పూర్వీకులు నేల మీద నాలుగు కాళ్లతో తిరిగినవేనని, గిట్టల జంతువులకు దగ్గర చుట్టాలేనని, తర్వాత ఎప్పుడో నీళ్లలోకి పోయాయని శాస్త్రం తేల్చింది. మా తాత నవ్వులాటకు అన్న గొర్రె మాట నిజానికి అంత దూరంలో ఏమీ లేదు.

వెనక కాళ్లు లేవు. కాళ్లు ఉండవలసిన చోట, వెన్నుకు తగలకుండా, చిన్న పుల్లల్లాంటి ఎముకలు రెండు ఎండిన కండలో ఇరుక్కుని ఉన్నాయి. అవేమిటో మా తాతకు అర్థం కాలేదు. కర్రతో అవతలికి నెట్టాడు. అవి తుంటి ఎముకలు. కాళ్లు పోయాయి గానీ కాళ్లను పట్టి ఉంచినవి పూర్తిగా పోలేదు. పట్టి ఉంచడానికి ఏమీ లేకుండా అలా కండలో ఉండిపోయాయి. బళ్లో ఆ పాఠం వచ్చినప్పుడు నేను వీటి దగ్గర ఎక్కువసేపు ఆగేదాన్ని కాదు.

ఇక ముందరి తెడ్డు. ఒక పక్క తెడ్డును కుక్కలు ఈడ్చుకుపోయాయి. రెండోది మాత్రం నల్లటి తోలుతో సహా ఎండిపోయి ఉంది. మా తాత బొచ్చు కత్తిరించే కత్తితో ఆ తోలును చీల్చాడు. లోపల చెయ్యి ఉంది. ఇంకో మాట దొరకదు దానికి. పొట్టిదీ లావుదీ ఒక భుజం ఎముక, దాని కింద పక్కపక్కన రెండు ఎముకలు, మణికట్టు దగ్గర గులకరాళ్లలాంటివి కొన్ని, అక్కడి నుంచి ఐదు వేళ్లు. నేను నా చెయ్యి దాని పక్కన పెట్టాను. నా వేలికి మూడు కణుపులు. దాని చూపుడువేలికి లెక్కపెడుతూ పోతే ఎనిమిది ఉన్నాయి. బొటనవేలు, చిటికెనవేలు మాత్రం ముక్కలైపోయినట్టు పొట్టిగా ఉన్నాయి. ఎముకలు గుండ్రంగా లేవు, నీళ్లను తోసే పలకకు తగ్గట్టు చదునుగా ఉన్నాయి. ఇన్ని కణుపులు ఎందుకని అడిగాను. మా తాత ఒకసారి నా చేతినీ ఒకసారి దాన్నీ చూశాడు. తర్వాత దాన్ని భుజం దగ్గర విరిచి, గొంగట్లో చుట్టుకున్నాడు. ఎందుకని అడిగితే, పనికొస్తది పా అన్నాడు.

ఎండలు ముదిరాక మంద ఇల్లు చేరింది. అమ్మ వచ్చి నన్ను దగ్గరికి తీసుకుని తల దువ్వింది. ఆమె చిక్కిపోయి ఉంది. గడి మనిషి మేనత్త ఊరి దాకా వచ్చి అడిగిపోయాడని చెబుతూ ఆమె తాత వైపు చూడలేదు, నేల వైపు చూసింది. ఆ మర్నాడు అమ్మ బాయికి నీళ్లకు పోయినప్పుడు నేను గొర్రెల దొడ్లోకి పోయాను. మా తాత బండ మీద ఆ చేతిని పరుచుకుని కూర్చున్నాడు. ఎండిన నరాలన్నీ కోసేసి ఎముకలను విడివిడిగా తీశాడు. పొడుగు వేళ్ల కణుపులు తీసి పొట్టి వేళ్లకు పెడుతున్నాడు. ఒక్కొక్క వేలూ అమర్చాక తన ఎడమ చెయ్యి పక్కన ఆనించి చూసుకుంటున్నాడు. వేలికి మూడు, బొటనవేలికి రెండు. మిగిలినవి ఎరువు కుప్పలోకి విసిరేశాడు. తర్వాత వాటన్నిటికీ వాగు మట్టి పూసి, ఎండలో పెట్టాడు.

నేను చూశానని ఆయన చూశాడు. దగ్గరికి పిలిచి, మట్టి చేతులతోనే నా రెక్క పట్టుకున్నాడు.

"నువ్వు జూసింది ఎవ్వరికీ జెప్పకు బిడ్డా. ఇది మీ నాయిన చెయ్యి. నేనడిగినా గిట్లనే జెప్పాలె."

"ఎందుకు తాతా?"

"మీ అమ్మ బతకాలె. ఈడ బతకనియ్యరు."

నాకు అర్థమైనదల్లా ఇంత: ఈ అబద్ధం ఆడితే మా అమ్మ ఏడవడం మానేస్తుంది, గడి మనిషి రావడం మానేస్తాడు. అమ్మ కోసం నోరు మూసుకోవడం నాకు పెద్ద కష్టమనిపించలేదు. గర్వంగా కూడా అనిపించింది. ఆ అబద్ధానికి నేను ఏం చెల్లించుకోవాలో మాత్రం మా తాత చెప్పలేదు. చెబితే నేను ఒప్పుకోనని ఆయనకు తెలుసు.

కులపెద్దలు మా వాకిట్లో కూర్చున్నారు. పాలేటి ఒడ్డు కోసుకుపోయిన చోట గొర్రెల గిట్టలకు ఈ ఎముకలు తగిలాయని మా తాత చెప్పాడు. గొంగడి పరిచి, ఒక్కొక్క వేలూ దాని మీద అమర్చాడు. పెద్దమనిషి వంగి, ముట్టుకోకుండా చూసి, చెయ్యే అన్నాడు. నీ కొడుకుదేనని ఎట్ల తెలుసు అని పక్కనాయన అడిగాడు. మా తాత ఆయన వైపు చూశాడు. కన్నతండ్రి నోటితో నా కొడుకు చచ్చిపోయాడని చెబుతుంటే, నువ్వు అబద్ధమాడుతున్నావనే ధైర్యం ఎవరికుంటుంది? అడిగినాయన తలదించుకున్నాడు. మా వెంట వచ్చినవాళ్లు కూడా మంద దగ్గరే ఆగిపోయారు కాబట్టి, సముద్రం మొహం చూసినవాడు ఆ వాకిట్లో మా తాత తప్ప ఒక్కడూ లేడు. చెయ్యి ఆకారంలో ఎముకలుంటే అది మనిషిదేనని వాళ్లు అనుకోవడంలో వింత ఏముంది?

అమ్మను పిలిచారు. ఆమె వచ్చి గొంగడి ముందు కూర్చుంది. ఎవరూ ముట్టుకోని ఆ ఎముకల్లోంచి ఒకదాన్ని తీసుకుని అరచేతిలో పెట్టుకుంది. వేలితో నిమిరింది. మా తాత మొహం వైపు ఒకసారి చూసింది. తర్వాత ఎముకను ఎక్కడ తీసిందో అక్కడే పెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను తలుపు వెనక నిలబడి, ఏడవకు అమ్మా, అది నాన్నది కాదు అని లోలోపల చెప్పుకుంటూనే ఉన్నాను.

మర్నాడు పాలేటి ఒడ్డున చితి పేర్చారు. చెయ్యంత చితి. మా తాత నిప్పు పెట్టి, అక్కడే కూలబడి, ఊరు ఊరంతా నిలబడిపోయేటట్టు ఏడ్చాడు. కొడుకు పేరు పెట్టి పిలిచి ఏడ్చాడు. ఆయన నటిస్తున్నాడనుకుని నేను మొదట ఆశ్చర్యపోయాను. కొంచెంసేపు చూశాక నటన కాదని తెలిసింది. అన్నాళ్లూ ఆయన ఒక్కసారి కూడా ఏడవలేదు. ఏడిస్తే కొడుకు పోయాడని ఒప్పుకున్నట్టవుతుందని ఆగినట్టున్నాడు. ఆ దొంగ ఎముకలు ఆయనకు కూడా దోవ ఇచ్చాయి. ఆయన ఏడుపు వినలేక నేను చెవులు మూసుకున్నాను.

దినాలయ్యాయి. పుస్తె తీశారు. ఇక అంతా సర్దుకుంటుందనుకున్నాను. ఒక సాయంత్రం త్రిపురారం నుంచి బండి వచ్చింది. ఇద్దరు ఆడవాళ్లు దిగి అమ్మకు కొత్త చీర ఇచ్చి, గాజులు తొడిగారు. ఒకాయన తలగుడ్డ సర్దుకుంటూ దూరంగా నిలబడ్డాడు. మంచివాడే, తర్వాత కూడా మంచివాడిగానే ఉన్నాడు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు సగం జీవితం పట్టింది. అమ్మ బండెక్కుతుంటే నేనూ ఎక్కబోయాను. ఒకామె నా రెక్క పట్టి దింపింది. మొదటి మొగుడి పిల్లలు మొదటి మొగుడి ఇంట్లోనే ఉండాలి. కులం కట్టుబాటు అది. మారుమనువుకు పోయే తల్లి వెంట పిల్లలు పోరు. నేనప్పుడే తాత వైపు తిరిగి, చెప్పేస్తానని గట్టిగా అన్నాను. ఆయన వచ్చి నన్ను ఎత్తుకుని, తల తన భుజానికి అదిమిపట్టి, దొడ్లోకి తీసుకుపోయాడు. బండి చప్పుడు విన్నాను గానీ బండి పోవడం చూడలేదు.

గడి మనిషి మళ్లీ రాలేదు. మా తాత గొర్రెలమ్మి నన్ను సూర్యాపేటలో బడిలో వేశాడు. ఆడపిల్లకు చదువెందుకని మందవాళ్లంతా నవ్వినా వినలేదు. ఆయన నాకు పెట్టిన అన్నానికీ చెప్పించిన చదువుకీ వంక పెట్టలేను. కానీ ఆయనతో మళ్లీ మనసు విప్పి మాట్లాడలేదు. ఆయన కూడా ఆ చేతి సంగతి ఎత్తలేదు. నేను పై చదువు కోసం హాస్టల్లో ఉండగా పోయాడు. అడగవలసినవి అడగకుండానే మిగిలిపోయాయి.

తర్వాత నాకు మిర్యాలగూడలో ఉద్యోగం వచ్చింది. పదో తరగతి పుస్తకంలో ఒక బొమ్మ ఉండేది. మనిషి చెయ్యి, గుర్రం ముందరి కాలు, గబ్బిలం రెక్క, తిమింగలం తెడ్డు పక్కపక్కన ఉంటాయి. నిర్మాణ సామ్య అవయవాలు అంటారు. పైకి ఎంత వేరుగా కనిపించినా లోపలి ఎముకల వరస ఒక్కటేనని చూపించే బొమ్మ. పిల్లలకు అది సులువైన పాఠం, మార్కులు గ్యారంటీ. నేను నల్లబల్ల మీద తెడ్డు గీసి, వేళ్లకు కణుపులు పెట్టుకుంటూ పోయేదాన్ని. ఇన్ని ఎందుకు టీచర్ అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడిగేవాళ్లు. నీళ్లలో పట్టు కోసం అని చెప్పి, బల్ల తుడిచేసేదాన్ని.

మిర్యాలగూడకు త్రిపురారం ఎంతో దూరం కాదు. అయినా అమ్మ దగ్గరికి పండక్కో పబ్బానికో చుట్టంలా పోయి, చుట్టంలా భోంచేసి వచ్చేదాన్ని. ఆమెకు అక్కడ ముగ్గురు పిల్లలు. సాగరు కాలవ వచ్చాక వాళ్లు గొర్రెలు తగ్గించి వరి వేశారు. ఇల్లు నిండుగా ఉండేది. ఆ నిండుతనం నాకు గుచ్చుకునేది. ఒకసారి, నాకు నలభై దాటాక, అమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతుంటే పక్కన కూర్చున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. ఇన్నేళ్లుగా లోపల కుక్కుకున్నది ఆ పూట ఆగలేదు. కాల్చింది నాన్న చెయ్యి కాదని, సముద్రం ఒడ్డున కుక్కలు తినగా మిగిలిన ఒక జంతువుదని, తాత దొడ్లో కూర్చుని కణుపులు మార్చి అమర్చాడని అంతా చెప్పాను. ఆమెను బాధపెట్టాలనే చెప్పాను. మొగుడు చచ్చాడని నమ్మి పోయావు, అదంతా అబద్ధం, ఇప్పుడేమంటావు అని ఆమె మొహం చూడాలనుకున్నాను.

అమ్మ చాట ఆపలేదు. నూకలు ఒక పక్కకు తోసి, మెల్లగా చెప్పింది.

"నాకు ఎరికే బిడ్డా. చేతుల వట్టుకున్ననాడే ఎరికయింది. మనిషి వేలు గుండ్రంగ ఉంటది. అది బద్దలెక్క సదునుగ ఉండె. మీ నాయిన వేలు నాకు తెల్వదా?"

చాటలోంచి ఒక రాయి ఏరి అవతల పడేసి మళ్లీ అంది.

"ముసలాయన నా కోసం కన్నకొడుకును తన నోటితోటి సంపుకున్నడు. కాదు, ఇది ఆయన చెయ్యి గాదు అని నలుగురిల అంటే, ఆ ముసలాయన తలెత్తుకుని బతుకుతడా? ఆయన మొహం జూసి ఊకున్న."

అంటే ఆ వాకిట్లో ఇద్దరికీ తెలుసు. ఆమె బతకాలని ఆయన అబద్ధం తెచ్చాడు, ఆయన పరువు కోసం ఆమె ఆ అబద్ధం మోసింది. ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఒక్క మాట కూడా పైకి అనుకోకుండా, ఎంత గొప్పగా ఒప్పుకున్నారో. ఎవరికి చెప్పినా కళ్లు తుడుచుకుంటారు. నాకు మాత్రం ఒళ్లంతా మండిపోయింది.

"మరి నన్నెట్ల ఇడిసిపోయినవమ్మా?" అని అడిగాను. బళ్లో మాట్లాడే భాష పోయి మా ఊరి మాటే వచ్చింది.

అమ్మ చాట కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. నా వైపు చూడడానికి ప్రయత్నించి చూడలేకపోయింది.

"నువ్వు సిన్నపిల్లవు గదా," అంది. "మరిసిపోతవనుకున్న."

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఎవరైనా నా ముందు ఒక ఇంటి పెద్దలను పొగిడితే, ఒకరి కోసం ఒకరు ఎంత వదులుకున్నారో చూడండి అని చెబితే, నేను చివరి దాకా వింటాను. కథ బాగుంటుంది, కాదనను. విన్నాక ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను. ఆ ఇంట్లో పిల్లలున్నారా, ఉంటే అప్పుడు వాళ్లెక్కడ నిలబడి ఉన్నారు అని. చాలామందికి గుర్తుండదు.